ఇల్లెరిగి వచ్చే పన్ను

పళ్ల డాక్టరమ్మ పోయారు. శ్రీకాకుళం నుంచి ఆవిడ మరదలు ఫోను చేసేసరికి నేను దేవుడి గదిలో కూర్చుని వత్తులు చేసుకుంటున్నాను. వేళ్లకు పత్తి అంటుకుని ఫోను సరిగ్గా పట్టుకోవడం కూడా రాలేదు. "వదిన నిద్దట్లోనే ఎల్లిపోనారమ్మా. ఎవరికీ కష్టం పెట్టనేదు" అని ఆవిడ చెప్పింది. "రాత్రి ఏం తిన్నారు?" అని అడిగాను. అడిగిన తరవాత సిగ్గేసింది. చావు కబురు విని ఎవరైనా అలా అడుగుతారా? ఫోను పెట్టేశాక మాత్రం అర్థమైంది, ఆ ప్రశ్న నాది కాదు, ఆవిడదే. ఊళ్లో ఎవరి గురించి ఏ కబురు తెచ్చినా ఆవిడ ముందుగా అడిగేది అదే. "ఏటి తినీవోరు?"

మాది పాతపట్నం. ఇంటి ముందు భాగంలో మా ఆయన కిరాణా కొట్టు నడుపుతారు. కొట్టు పక్కన ఉన్న వీధి గదిలోకి డాక్టరమ్మ అద్దెకు వచ్చారు. ప్రభుత్వాసుపత్రిలో పళ్ల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. సొంతూరు గజపతినగరం వైపు. పెద్ద ఊళ్లు వదిలి ఇక్కడికెందుకొచ్చారండీ అని మా ఆయన అడిగితే, "అక్కడి నోళ్లన్నీ సూసీసేను బాబూ. ఇక్కడివి సూణ్ణేదు" అన్నారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "నన్నెవరూ అడగనేదు, నానూ ఎవర్నీ అడగనేదు" అనేసేవారు. లోకంలో అన్నిటినీ అడిగే మనిషి ఆ ఒక్కటీ అడగకుండా వదిలేశారన్నమాట.

ఒకే అరుగు మీద ఒక పక్క మా కొట్టు చాక్లెట్ సీసాలు, ఇంకో పక్క ఆవిడ పళ్లు పీకే కుర్చీ. "ఇద్దరం కలిసి యాపారం సేస్తన్నాం. మీరు పాడుసెయ్యండి, నాను బాగుసేస్తాను" అని మా ఆయనతో అనేవారు. ఆయన మాత్రం ఊరుకునే రకమా? "నాను అమ్మడం మానేస్తే మీ కుర్చీకి బూజు పట్టీదండి డాక్టరమ్మా" అనేవారు. ఇద్దరూ నవ్వుకునేవారు. ఆవిడ నవ్వినప్పుడు కుడి పక్క లోపల ఒక పన్ను లేని ఖాళీ కనిపించేది. పళ్ల డాక్టరుకే పన్ను లేదేమిటా అని నాకు ఆశ్చర్యం. అడగడానికి మొహమాటం.

మనిషితో మాట్లాడేటప్పుడు ఆవిడ కళ్లు చూసేవారు కాదు, నోరు చూసేవారు. కొత్తవాళ్లకు అది ఇబ్బందిగా ఉండి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. పేర్లు గుర్తుండేవి కావు. "మొన్న వచ్చినాడే, ఎడమ కోరపన్ను వంకర మనిషి" అంటే ఎవరో మాకే తెలిసిపోయేది. ఒకసారి ఆటోలో వెళ్తుంటే మేకలు తోలుకెళ్తున్న పెద్దాయన ఏదో పుల్ల నములుతూ కనిపించాడు. ఆటో ఆపించి దిగిపోయారు. "బావా, అదేటి పుల్ల? ఏది, ఓ ముక్క ఇయ్యి" అని చెయ్యి చాపారు. ఆయన తన నోట్లోది ఇమ్మంటున్నారనుకుని కంగారుపడిపోయాడు. ఆ తరవాత కానుగ పుల్ల, వేప పుల్ల, ఉత్తరేణి వేరు, ఒకదాని తరవాత ఒకటి తానే వాడి చూశారు. "ఇది సేదు. ఇది వగరు. ఇది నురగొస్తన్నాది. ఏలొస్తన్నాదో?" ఏల అనే మాటను ఆవిడ సాగదీసి అనేవారు. అలా అన్నారంటే ఆ రోజుకు ఇంక వేరే పని జరగదు.

నేను శనివారాలు ఒంటిపూట ఉంటాను. సాయంత్రం వేంకటేశ్వరుడి పటం ముందు పటికబెల్లం నైవేద్యం పెట్టి వీధిలో పిల్లలకు పంచేదాన్ని. ఒకరోజు ఆవిడ చూసి, "ఓలె, పెసాదమయితే పళ్లకి పురుగు పట్టదని నీ దేవుడు నీకు సెప్పినాడేటి?" అన్నారు. నాకు కోపం రాలేదు, ఆలోచన వచ్చింది. ఆ తరవాతి వారం నుంచి శనగలు ఉడికించి పెట్టాను. స్వామి ఏమీ అనుకోలేదు.

అలా ఉండగా కొండల కింద ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల వార్డెన్ మేడం పంటి నొప్పితో మా అరుగెక్కారు. అక్కడ చదివేవాళ్లంతా సవర గిరిజనుల పిల్లలు. మూడో తరగతి నుంచే హాస్టల్లో ఉంటారు. పన్ను బాగుచేయించుకున్నాక ఆవిడ, "మా బడి గుంటల పళ్లు కూడా ఓసారి సూడండి మేడం. బ్రష్షులిస్తన్నాం, పేస్టులిస్తన్నాం. సిన్న గుంటల నోళ్లు మాత్రం కంపు" అన్నారు. డాక్టరమ్మకు అంతకన్నా ఏం కావాలి? నా వైపు తిరిగి, "శనివారం నీకు వంట పని తక్కువ కదా. టార్చి పట్టుకుందువు, రా" అన్నారు. అలా మొదలైంది నా శనివారాల ప్రయాణం. ఆటోలో నేను నామాలు చదువుకునేదాన్ని, ఆవిడ పక్కన కూర్చుని దారిలో కనిపించినవాళ్ల నోళ్లు చూసేవారు.

పెద్ద పిల్లల పళ్లు బాగానే ఉన్నాయి. తేడా అంతా చిన్నవాళ్లలోనే. ఒక పిల్లకు కుడి పక్క పళ్లు తళతళలాడుతున్నాయి, ఎడమ పక్క పాచి మందంగా పేరుకుంది. ఇంకో పిల్లకు అటుది ఇటు. మరో పిల్లకు ముందు పాలపన్ను ఊగుతూనే ఉంది, దాని వెనకాల కొత్త పన్ను లేచి రెండు వరసలైపోయింది. డాక్టరమ్మ ఒక్కో నోరూ చూస్తూ, "సగం నోరు తోముతున్నారు. సగం ఒదిలేస్తన్నారు. ఏల?" అన్నారు.

"ఎంత సెప్పినా వినరు మేడం, కొండ గుంటలు" అన్నారు వార్డెన్.

"వినకపోడమేటి? ఇంకెవరి మాటో వింటన్నారు. అదెవరిదో సూడాల" అన్నారు డాక్టరమ్మ.

ఆ వరసలో చివర నిలబడింది సుక్కి. మూడో తరగతి. అసలు పేరు సుక్కమ్మ. పై పెదవి వాచి, వాపు ముక్కు పక్క దాకా పాకింది. కన్ను కింద కూడా కొంచెం ఉబ్బింది. అందరూ నోరు తెరిచారు, ఈ పిల్ల తెరవలేదు. బతిమాలినా, నవ్వించినా రెండు పెదవులూ గట్టిగా బిగించేసింది. డాక్టరమ్మ పెదవి మీద వేలితో మెల్లగా తాకి చూశారు. పాలపన్ను పుచ్చి మొదట్లో చీము పట్టిందని, ఆ పన్ను తీసెయ్యాలని చెప్పారు. వార్డెన్ ఆయాను పిలిచి, "సేతులు పట్టుకో" అన్నారు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు.

"పట్టుకుని పీకీడం ఎంత సేపు? రేపట్నించి ఈ బడిలో ఒక్క గుంటయినా నా ముందు నోరిప్పుతాదా?" అన్నారు. వాపు తగ్గడానికి మందులిచ్చారు. కానీ ఆటోలో తిరిగి వస్తుంటే, "మందులు కొన్నాళ్లే ఆపుతాయి. పన్ను తీయకపోతే మళ్లీ పొంగుతాది. కంటి దగ్గిర వాపు మంచిది కాదు" అన్నారు. అప్పుడు మొదటిసారి ఆవిడ గొంతులో భయం విన్నాను. ఆ పూట దారిలో ఎవరి నోరూ చూడలేదు.

కారణం ఏమై ఉంటుందా అని ఆవిడ బుర్ర అదేపనిగా తిరిగేది. మొదట పేస్టు మంటగా ఉంటుందేమో అనుకున్నారు. పిల్లలు పేస్టును ఇష్టంగా నాకుతున్నారు, అది కాదు. కుళాయి నీళ్లు చల్లగా జివ్వుమంటాయేమో అనుకున్నారు. ఒకరోజు పొద్దున్నే ఆటో కట్టించుకుని వెళ్లి కుళాయిల దగ్గర నిలబడి చూశాం. చిన్న పిల్లలు బ్రష్షు ఒక పక్కే తిప్పుతున్నారు. రెండో పక్క బుగ్గ మీద అరచెయ్యి ఆనించి, లోపల ఏదో పిట్టపిల్ల ఉన్నట్టు జాగ్రత్తగా కాపాడుకుంటున్నారు. "చల్లదనం కాదు. దాచుకుంటన్నారు" అన్నారు డాక్టరమ్మ. ఏం దాచుకుంటున్నారో మాత్రం అంతుపట్టలేదు.

ఆ శనివారం ఆవిడ పిల్లల్ని వరసలో నిలబెట్టలేదు. వరండాలో కింద కూర్చుని, చిన్న అద్దం వాళ్ల చేతికిచ్చి, "ఇన్నాళ్లూ నాను మీ నోళ్లు సూసేను కదా, ఇప్పుడు మీరు నా నోరు సూడండి" అని బారెడు తెరిచారు. పిల్లలు మొదట సిగ్గుపడ్డారు. ఆ తరవాత ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. టార్చి నా చేతిలోంచి లాగేసుకున్నారు. లెక్కపెట్టేవాళ్లు లెక్కపెడుతున్నారు, వేలు పెట్టేవాళ్లు వేలు పెడుతున్నారు. ఇంతలో ఒక చిన్న పిల్ల కుడి పక్క ఖాళీ చూసింది.

"మేడం, ఈ పన్ను ఎక్కడేసినారు?" అని అడిగింది.

డాక్టరమ్మ నోరు మూసి ఆ పిల్లను చూశారు. "ఎక్కడెయ్యాల?" అన్నారు.

పిల్లలంతా ఒక్కసారిగా గోలగోలగా మాట్లాడారు, సగం సవరలో, సగం తెలుగులో. పదో తరగతి చదివే లక్ష్మి నవ్వు ఆపుకుంటూ మాకు విడమరిచి చెప్పింది. "ఊడిన పన్ను ఇంటి కప్పు మీదెయ్యాలి మేడం. అప్పుడు కొత్త పన్ను ఇల్లెరిగి వస్తాదంట. బడికాడ ఊడిపోతే దానికి ఇల్లు తెలీదు కదా. అందుకని ఇంటికెల్లిందాకా ఊడకుండా సూసుకుంటారు. నానూ సిన్నప్పుడు అలగే సేసేను."

డాక్టరమ్మ మొహం చూడాలి అప్పుడు. ఏదో పెద్ద బహుమతి వచ్చినట్టుంది. "అయితే సెలవులొచ్చిందాకా ఆ పక్క నమలరు, తోమరు, ముట్టుకోరు!" అన్నారు. నేను మెల్లగా, "మేమూ చిన్నప్పుడు ఇంటి మీదకే విసిరేవాళ్లమండీ" అన్నాను. ఆవిడ నా వైపు తిరిగి, "నువ్వా! ఓలమ్మో, ఇన్ని వారాలు నా పక్కన టార్చి పట్టుకుని కూకున్నావు, ఈ ముక్క సెప్పనేదేటే?" అన్నారు. నిజమే, నాకు తట్టనే లేదు. పెద్దయ్యాక ఎవరి పాలపన్ను ఎవరికి గుర్తుంటుంది?

మా కొట్టులోంచి ఖాళీ అగ్గిపెట్టెలు తెస్తానన్నాను. ఊడిన పన్ను అందులో దాచితే, సంతకొచ్చిన తల్లిదండ్రులు పట్టుకెళ్లి ఇంటి మీద వేస్తారు. వార్డెన్‌కు నచ్చలేదు. "సదువుకున్నోళ్లు మీరే ఇలాంటివి ఒప్పుకుంటే ఎలగ మేడం?" అన్నారు.

"పన్ను టయానికి ఊడాల, రెండు పక్కలా తోమాల. నాకు కావలసింది అది. ఊడింది ఎక్కడికెల్తే నీకేటి, నాకేటి?" అన్నారు డాక్టరమ్మ. వార్డెన్ కాసేపు ఆలోచించి నవ్వేశారు. తన పెద్ద కూతురి పన్ను తానే మేడ మీదకు విసిరానని తరవాత నా చెవిలో చెప్పారు.

పిల్లలు అగ్గిపెట్టెల కోసం ఎగబడ్డారు. సుక్కి దగ్గరకు రాలేదు. అగ్గిపెట్టె చేతిలో పెడితే తిరిగి ఇచ్చేసింది. మందులతో తగ్గిన వాపు మళ్లీ కనిపిస్తోంది. లక్ష్మి దాన్ని పక్కకు తీసుకెళ్లి మాట్లాడి వచ్చింది. "దానికి ఇల్లు లేదు మేడం" అంది. తల్లి లేదు. తండ్రి ఇటుకల పనికి దూరం వెళ్లాడు. కిందటేడు గాలివానకు ఇల్లు పడిపోయింది. నాయనమ్మ, ఈ పిల్ల మేనత్త ఇంట్లో ఉంటున్నారు.

"మేనత్త ఇంటి మీద ఎయ్యొచ్చు కదా?"

"వద్దంటంది. అత్త కొడుకు సెప్పినాడంట, మా ఇంటి మీదేస్తే మా ఇంటి మనిషివి అయిపోతావు, ఇంక బడి లేదు, మా మేకలు తోలాలని."

పన్ను తీయించుకుని ఏ ఇంటి మీదా వేయకపోతే ఆ పిల్ల లెక్కలో కొత్త పన్ను రాదు, మేనత్త ఇంటి మీద వేస్తే బడి పోతుంది. తీయించుకోకపోతే ఆ చీము ఎటు పాకుతుందో డాక్టరమ్మకు తెలుసు. మా ఇంటి మీద వేద్దామా అని నేను అనబోయాను. డాక్టరమ్మ ఆపారు. "మనం సెప్పింది అది నమ్మదు. దీని సంగతి నాకు తెలీదు. తెలిసినోళ్లని అడగాల" అన్నారు. తెలియదు అనడానికి ఆవిడ ఎప్పుడూ సిగ్గుపడలేదు. "తెలీకపోతేనే కదా ఎల్లి సూడాల్సొచ్చీది" అనేవారు.

మర్నాడు ఆదివారం. వార్డెన్ అనుమతితో లక్ష్మిని తోడు తీసుకుని సుక్కి వాళ్ల ఊరికి బయలుదేరాం. ఆటో వెళ్లినంత దూరం వెళ్లి, అక్కడి నుంచి నడిచి ఎక్కాం. ఆవిడకు మోకాళ్ల నొప్పి. నాలుగడుగులకోసారి ఆగేవారు, ఆగిన ప్రతిచోటా జీడితోటలో పనిచేస్తున్నవాళ్లను ఏదో ఒకటి అడిగేవారు, అందుకే ఆయాసం తెలియలేదన్నారు. నేను గోవిందా అనుకుంటూ ఎక్కాను.

నాయనమ్మ ఇంటి ముందు కూర్చుని చుట్ట కాలుస్తోంది. మా వైపు ముసలివాళ్లలో కొందరు కాల్చినట్టే అడ్డపొగ, నిప్పున్న కొస నోటి లోపలికి పెట్టి. డాక్టరమ్మ వచ్చిన పని మరిచిపోయారు. "మామ్మా, ఓసారి నోరిప్పు, లోపల పైనున్న అంగుడు సూస్తాను" అని ముందుకు వంగారు.

"నా నోరు సూడ్డానికొచ్చినావా, నా మనవరాలి పన్నుకొచ్చినావా?" అంది ముసలమ్మ, చుట్ట తీయకుండానే.

"రెండూను."

"పన్ను సంగతి సెప్పు ముందు. సుట్ట సంగతి తరవాత."

ముసలమ్మ తెలుగు బాగానే మాట్లాడుతుంది, సంతలకు తిరిగిన మనిషి. విషయమంతా విని చుట్ట పీలుస్తూ కూర్చుంది. అక్కడి ఇళ్లలోంచి ఇంకొందరు ఆడవాళ్లు వచ్చి చేరారు. మేనత్త కూడా వచ్చింది. తన కొడుకు అన్న మాట విని, "ఓలమ్మో, ఆ గుంటడి నోట్లో మన్నెయ్య! నా అన్న కూతుర్ని మేకలు తోలమంటానా నేను?" అని ఇల్లంతా వాణ్ని వెతికింది. వాడు అప్పటికే పారిపోయాడు.

చర్చ మొదలైంది. కొత్త పన్ను ఏ ఇంటికి రావాలి? మేనత్త ఇల్లే ఇల్లని ఒకావిడ. తండ్రి తిరిగొచ్చి ఇల్లు కట్టేదాకా పన్ను దాచాలని ఇంకొకావిడ. అంతదాకా ఆ గుంట బోసినోటితో తిరగాలా అని మరొకావిడ కసురుకుంది. పడిపోయిన ఇంటి మీదే వెయ్యమని ఒకరంటే, పడిన ఇంటి మీద వేస్తే పళ్లన్నీ పడిపోవా అని అందరూ నవ్వారు. ఇలాంటి చిక్కు ఇంతకుముందు వచ్చినట్టు లేదు. డాక్టరమ్మ మధ్యలో కూర్చుని ఒక్కొక్కరి మాటా తల ఊపుతూ వింటున్నారు. పెద్ద ఆసుపత్రిలో డాక్టర్లంతా కూర్చుని ఒక కేసు గురించి మాట్లాడుకున్నట్టే ఉందని తరవాత నాతో అన్నారు.

చివరికి ముసలమ్మ చుట్ట తీసింది. "అది ఎక్కడ తింటన్నాది?" అని అడిగింది.

"బడికాడ" అంది లక్ష్మి.

"మరింకేటి? ఆ వంటింటి మీద ఎయ్యండి. పొయ్యెక్కడుంటే అక్కడే ఇల్లు."

"గవుర్నమెంటు వంటిల్లు మన ఇల్లెలగవుతాది?" అని మేనత్త అడ్డం వచ్చింది.

ముసలమ్మ లేచింది. ఊరి చివర కూలిన గోడల దగ్గరకు వెళ్లి, కుప్పలా పడి ఉన్న పాత కప్పులోంచి గుప్పెడు గడ్డి లాగింది. వానకు తడిసి, పొగకు నల్లబడిన గడ్డి. దాన్ని మెలిపెట్టి డాక్టరమ్మ చేతిలో పెట్టింది. "ఇది ఆ వంటింటి కప్పులో దోపండి. అప్పుడవుతాది. నాను పెట్టమన్నానని దానికి సెప్పండి."

అది వాళ్ల ఊరి ఆచారమో, ఆ ముసలమ్మకు అప్పటికప్పుడు తోచిందో నాకు ఇప్పటికీ తెలియదు. డాక్టరమ్మను అడిగితే, "రెండిట్లో ఏదయితేనేటి, ఆలోసన బాగున్నాది" అన్నారు. వచ్చేముందు ముసలమ్మ అంగుడు చూడకుండా మాత్రం వదల్లేదు. లోపల తెల్లగా పాలిపోయి ఉందట. తరవాత ఆవిడే దగ్గరుండి శ్రీకాకుళంలో పరీక్ష చేయించారు. భయపడవలసింది కాదని తేలింది. ముసలమ్మ చుట్ట తిప్పి పట్టుకోవడం నేర్చుకుంది, మానలేదు.

మర్నాడు పొద్దున్నే మేము బడికి వెళ్లేసరికి మేనత్త తానే కొండ దిగి వచ్చింది. హాస్టల్ వంటిల్లు రేకుల షెడ్డు. వంటమనిషి స్టూలు తెచ్చింది. నేను స్టూలు పట్టుకుంటే డాక్టరమ్మ ఎక్కి గడ్డిని రేకుకూ దూలానికీ మధ్య దోపారు. సుక్కి కింద నిలబడి అంతా చూసింది. మేనత్త దాని తల మీద చెయ్యి వేసి సవరలో ఏదో చెప్పింది. చెప్పినంతసేపూ ఆ పిల్ల గడ్డినే చూస్తోంది. ఆ తరవాత వచ్చి బల్ల మీద కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే నోరు తెరిచింది.

మందు పూశారు, సూది ఇచ్చారు. నేను టార్చి పట్టుకుని కళ్లు మూసుకున్నాను. "నువ్వు కళ్లు మూసుకుంటే టార్చి నా ముక్కు మీద పడతన్నాదే" అని డాక్టరమ్మ కసిరారు. కళ్లు తెరిచేసరికి పన్ను ఆవిడ చేతిలో ఉంది. సుక్కి ఏడవలేదు. నోరు పుక్కిలించి, ముందు చేసిన పని చెయ్యి చాపడం.

పన్ను పట్టుకుని బయటకు పరిగెత్తింది. బడి పిల్లలంతా చేరారు. సుక్కి వెనక్కి రెండడుగులు వేసి కప్పు మీదకు విసిరింది. రేకు వాలుగా ఉంటుంది కదా, పన్ను టకటకమంటూ జారి కిందపడింది. మళ్లీ విసిరింది. మళ్లీ జారింది. సుక్కి మొహంలో రంగు పోయింది. ఆ ఇల్లు తన పన్నును ఒప్పుకోలేదు, ఆ పిల్ల అలాగే అనుకుంటోందని మా అందరికీ తెలుస్తోంది. డాక్టరమ్మ నా వైపు చూశారు. "మీ ఇంటి మీద ఎలగేసీవారు?" అని గట్టిగా అడిగారు.

అప్పుడు గుర్తొచ్చింది. "ఆవుపేడలో పెట్టి" అన్నాను.

వంటమనిషి ఇంటి వెనకాల ఆవు ఉంది. పిల్లలు ఎవరు ముందు వెళ్లారో కానీ పేడ క్షణంలో వచ్చింది. నేనే ముద్ద చేసి, పన్ను లోపల పెట్టి, మనసులో స్వామికి చెప్పుకుని సుక్కికి ఇచ్చాను. విసిరింది. థప్‌మని రేకుకు అంటుకుని ఉండిపోయింది. పిల్లల కేకకు వార్డెన్ పరిగెత్తుకొచ్చారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. డాక్టరమ్మకు అవలేదు. "పన్ను రావాలి కదే" అన్నారు ఆ సాయంత్రం. "చీము అన్నాళ్లుంటే లోపలున్న పన్నుకి కూడా దెబ్బ తగలొచ్చు. మచ్చలు పడొచ్చు. ఒక్కోసారి సరిగా రాదు కూడా. రాకపోతే ఆ తప్పు చీముదని ఆ గుంటకి ఎవరు సెప్తారు? వంటింటి కప్పుదంటారు. తనకి ఈ భూమ్మీద ఇల్లు లేదనుకుంటాది." నాతో మొక్కు మొక్కించారు కూడా. తాను నమ్మరు, "నువ్వు నమ్ముతావు కదా, నీ లెక్కలో ఏసీయి" అన్నారు.

అప్పటి నుంచి ప్రతి శనివారం సుక్కి నోరే ముందు. చిగురు నున్నగా, ఖాళీగా. పిల్లలు కూడా ఎదురుచూసేవారు. "వచ్చినాదా మేడం?" "నేదు." పిల్లలు పక్కకు వెళ్లి వంటింటి వైపు చూసేవారు. మిగతావాళ్ల నోళ్లు మాత్రం మారిపోయాయి. రెండు పక్కలా తోముతున్నారు, అగ్గిపెట్టెలు సంతలో చేతులు మారుతున్నాయి.

ఎండాకాలం సెలవుల్లో డాక్టరమ్మకు గుండె బలహీనంగా ఉందన్నారు. తమ్ముడు వచ్చి శ్రీకాకుళం తీసుకెళ్లిపోయారు. కుర్చీ మీద దుప్పటి కప్పి వెళ్తూ, "బడి తెరిచాక నువ్వెల్లు" అని టార్చి నా చేతిలో పెట్టారు.

బడి తెరిచిన వారం వెళ్లాను. సుక్కి సెలవులంతా నాయనమ్మ దగ్గర ఉండి వచ్చింది. నన్ను చూడగానే పెదవి పైకెత్తింది. చిగురులోంచి బియ్యపు నూక అంత తెలుపు. నేను అక్కడి నుంచే ఫోను చేశాను. డాక్టరమ్మ వెంటనే ప్రశ్నలు మొదలెట్టారు. గొంతు నీరసంగా ఉంది కానీ ప్రశ్నలు మాత్రం నీరసంగా లేవు. "ఏ రంగున్నాది? గోధుమరంగు మచ్చలున్నాయా? అంచు సాఫీగున్నాదా, రంపం పళ్లలాగున్నాదా?"

నేను అంత చూడలేదు. "వచ్చిందండీ, అదే చూశాను" అన్నాను.

"వచ్చినాదంటే సరిపోతాదేటి? సరిగా సూడు. ఒచ్చే శనివారం సూసి సెప్పు" అన్నారు.

ఆ శనివారానికి ముందే కబురు వచ్చింది.

అయినా నేను బడికి వెళ్లాను. అక్కడ అందరికీ చెప్పాలి కదా. వార్డెన్ ఏడ్చారు. పిల్లలు ఏడవలేదు, ఊరికే నిలబడ్డారు. తరవాత సుక్కి తానే వచ్చి వరండాలో నా ఎదురుగా కూర్చుని నోరు తెరిచింది. నేను టార్చి వేశాను. పన్ను ఇంకొంచెం దిగింది. తెల్లగా ఉంది. మచ్చలు లేవు, అటూ ఇటూ తిప్పి చూశాను, ఎక్కడా లేవు. అంచు సాఫీగా లేదు. చిన్న చిన్న గుబ్బలు పక్కపక్కనే ఉన్నాయి, రంపంలాగే.

అద్దం సుక్కికిచ్చి చూపించాను. అది అంచు మీద వేలు పెట్టి రుద్దుకుని, "ఏలిలగున్నాది?" అని అడిగింది.

నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను.

"నాదీ ఇలగే ఉంటాదా?" అంది పక్క పిల్ల. దానికి ముందు పన్ను కొత్తగా వచ్చింది. సుక్కి టార్చి నా చేతిలోంచి తీసుకుని దాని నోట్లోకి చూసింది. ఆ పిల్ల ఇంకొకరి నోట్లోకి చూసింది. పెద్ద పిల్లలవి సాఫీగా ఉన్నాయి, చిన్నవాళ్లవి కావు. అది కనిపెట్టగానే గోల మొదలైంది. లక్ష్మి పై చదువుకు వెళ్లిపోయింది, సర్దిచెప్పేవాళ్లు లేరు. ఉదయపు ఎండ వరండాలో సగం దాకా పడింది. వెలుగు కోసం పిల్లలంతా ఆ ఎండలోకి జరిగారు, ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు తల వెనక్కి వాల్చి నోరు బారెడు తెరిస్తే ఒకరు గడ్డం పట్టుకుని లోపలికి వంగి చూస్తున్నారు.